ఆస్తీకుని వరము, ఖాండవాగ్ని: ఆదిపర్వమున జీవజాతిరక్షణవిచారము

మెదకు పట్టణమునకు సమీపమున, పూర్వము సంస్థానమునకు ముఖ్యస్థానమై యుండిన పాపన్నపేట మండలములో, నాగసానిపల్లియొద్ద మంజీరానది యేడుపాయలుగాఁ జీలి ప్రవహించుచున్నది. ఆ పాయలనడుమ వనదుర్గాభవాని వెలసియున్నది. మహాశివరాత్రికి జరుగు జాతరకు జనులు తండోపతండములుగా వత్తురు. జనమేజయమహారాజు సర్పయాగమును జేసిన తావిదియే యని స్థలపురాణము చెప్పుచున్నది. ఇట్టి ప్రతీతి దేశమున మఱికొన్ని తావులకును గలదు. కావున యాగస్థల మిదియా, మఱియొకటియా యను విచారము ప్రస్తుతము గాదు. ఒక జీవజాతిని నిశ్శేషముగా దహింపఁబూనిన కథను, దానిని నడుమ నాపిన కథను, ఒక యేటియొడ్డు తనవిగాఁ జెప్పికొనుచుండుటయే యిట గమనింపఁదగినది.

జీవజాతులు నశించుటకుఁ గారణమేమి? నశింపనున్నవాని నన్నింటిని రక్షింపవలయునా, కొన్నింటినే రక్షింపవలయునా? ఈ ప్రశ్నలు ప్రకృతిశాస్త్రజ్ఞులకు మాత్రమే చెందినవిగా నెంచఁబడుచున్నవి. సాహిత్యవిమర్శకులు వీనిజోలికిఁ బోవుట యరుదు. కాని పదునొకండవ శతాబ్దిని రాజరాజనరేంద్రుని ప్రేరణమున నన్నయభట్టారకుఁడు తెనిఁగించిన యాదిపర్వము ఈ ప్రశ్నలతోనే మొదలై యీ ప్రశ్నలతోనే ముగియుచున్నది. పర్వాదిని సర్పయాగము, పర్వాంతమున ఖాండవదహనము. రెండును అగ్నికథలే. రెండింటను గాలినవి యడవిప్రాణులే. అయినను మొదటి కథకు దొరకిన ప్రసిద్ధిలో నాలవపాలు రెండవదానికి జీవజాతుల చర్చలలో దొరకుట లేదు. ఈ యుపేక్షవలన విచారమునకుఁ గలిగిన లోపమెట్టిదో పరిశీలింపఁదగియున్నది.

సర్పయాగకథకుఁ గొందఱు చారిత్రకార్థమును జెప్పుదురు. నాగులన నొక మనుష్యజాతి యనియు, యాగమన నొక యుద్ధమునకు రూపకమనియు వారి మతము. అది నిజమైనఁ గావచ్చును. కాని కావ్యమునఁ గనఁబడునవి విషము, కోఱలు, దర్భలు నాకి చీలిన నాలుకలు. కవి వర్ణించినది పామును. పామును దొలఁగించి కథను జదువుట చరిత్రకారునకుఁ దగునేమో గాని కావ్యవిమర్శకునకుఁ దగదు.

ఆదిపర్వారంభమునందలి కథలక్రమమును జూడవలయును. మొదటిది సరమ కథ. యాగశాలకడకుఁ జేరిన సారమేయుని జనమేజయుని తమ్ములు నిష్కారణముగాఁ గొట్టిరి. తల్లియగు సరమ రాజునొద్దకు వచ్చి, విచారణములేక నిరపరాధులకుఁ గీడుచేయువారికిఁ దలఁపని యాపదలు వచ్చునని పలికి పోయెను. మఱికొంత నడచిన పిదప రురుని కథ. ప్రమద్వరను బాము గఱచెను. రురుఁడు తన యాయువున సగమిచ్చి యామెను బ్రదికించుకొనెను గాని పాములపైఁ బగ వీడఁడయ్యెను. కనఁబడిన పామునెల్లఁ గఱ్ఱతోఁ జంపుచుఁ దిరిగెను. ఒకనాఁడు విషములేని డుండుభమును గొట్టఁబోఁగా నది మాటలాడి, కఱచు పాములు వేఱనియు, పామువంటి రూపమున్నంతమాత్రమునఁ దమజాతిని జంపుట తగదనియు బోధించెను. ఆ పిమ్మటనే సర్పయాగకథ విస్తరింపఁబడినది.

ఈ క్రమము యాదృచ్ఛికము గాదు. సరమ కథలో నొక్క కుక్కపిల్ల. రురుని కథలో నొక్కని చేతికఱ్ఱ కందినన్ని పాములు. జనమేజయుని కథలో సర్పజాతియంతయు. అపరాధమునకు, దండనకుఁ గల యెడము కథకుఁ గథకుఁ బెరుఁగుచున్నది. పరీక్షిత్తును గఱచినవాఁడు తక్షకుఁ డొక్కఁడే. అదియు శృంగి శాపమువలన. రాజును యాగమునకుఁ బురికొల్పినవాఁ డుదంకుఁడు. కుండలములను హరించెనని తక్షకునిపై వానికిఁ గల పగ వేఱు. తండ్రిని గోల్పోయిన కుమారుని దుఃఖమును దన పగకు వాఁడు పనిముట్టుగాఁ జేసికొనెను. యాగము మొదలయ్యెను. నిరపరాధులు కులములవారీగా వచ్చి యగ్నిలోఁ బడిరి. అపరాధి మాత్ర మింద్రుని చాటునఁ జేరెను. జాతినంతటిని దండింపఁబూనినపు డగ్ని మొదట ముట్టునది నేరము లేనివారినే యను సత్య మిచట కథారూపమున నిరూపితమైనది.

రురుని చేతికఱ్ఱ నేఁటికిని బల్లెలలో నున్నది. ఈ దేశమునఁ గల పాములు మున్నూఱు జాతులకు మించియున్నవి. అందు మనుష్యులను జంపఁగల విషముగలవి కొలఁదియే. పాముకాటుమరణములలో నధికభాగమునకు నాగుఁబాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి యను నాలుగే కారణములని వైద్యులు చెప్పుదురు. అయినను పొలములలో నెలుకలను దిని రైతునకు మేలుచేయు జెఱ్ఱిపోతును, చెఱువులలోఁ గప్పలను, చేఁపలను బట్టి బ్రతుకు నీరుకట్టెయును నాగుఁబాముతోఁ బాటు కఱ్ఱదెబ్బలను దినుచునే యున్నవి. నీరుకట్టె నేఁటి డుండుభమే యనవచ్చును.

ఇఁక నాస్తీకుఁడు యాగమునాపిన తెఱఁగు విమర్శకులు సూక్ష్మముగాఁ జూడవలసినది. అతఁడు యజ్ఞమును బొగడెను, రాజును బొగడెను, ఋత్విజులను బొగడెను. పాములను మాత్రము పొగడలేదు. అవి యందమైనవనికాని, లోకోపకారులనికాని వాదింపలేదు. వరమడిగి, యాగము నిలుపుమనెను, అంతియే. వాదము చేసియుండినచో నోడిపోయి యుండును. ఏలయనఁగాఁ బ్రతిపక్షవాదము బలహీనమైనది గాదు. సర్పములు మిక్కిలి పెరిగి, తీవ్రవిషములై, ప్రాణికోటికి బాధకము లగుటచేతనే కద్రువ శాపమునకు బ్రహ్మయు ననుమోదించెనని వ్యాసభారతమునఁ గలదు. కావ్య మీ వాదమును దాఁపలేదు. పాము నిర్దోషి యని చెప్పి పామును రక్షింపలేదు. ఒకజాతి మనుగడకు దాని సౌమ్యత్వము కారణము గానక్కఱలేదని యాస్తీకుని మౌనము చెప్పుచున్నది.

తక్షకుఁడే బ్రదికెను గదా, యిది న్యాయమా యని యాక్షేపింపవచ్చును. ఇంద్రుఁడు విడిచిన పిమ్మట నాకాశమునుండి యగ్నివైపు జాఱుచున్న తక్షకుఁడు నడుమనే నిలిచిపోయెను. కావలసినవానిని బట్టుకొనుటకు ముందే యాగము ముగిసెను. ఇది జనమేజయునిపక్షమున లోటే. కాని యిందొక వివేకము గలదు. దోషిని దండించువఱకుఁ జంపుట మానమనువాఁ డెన్నఁడును మానఁడు. ఆగుటకు సమయము పగ తీఱిన పిదప వచ్చునది గాదు. పగ తీఱకుండఁగనే యాగవలయును.

అయినను ఆస్తీకోపాఖ్యానము దయకథగా మాత్రమే చదువఁబడుట యొక లోపము. 2000 మొదలు 2019 వఱకు నిరువదియేండ్లలో భారతదేశమునఁ బాముకాటుచే సుమారు 12 లక్షలమంది మరణించిరని 2020లోఁ బ్రకటింపఁబడిన పరిశోధన తెలుపుచున్నది. అనఁగా సగటున నేఁడాదికి 58 వేలమంది. ఈ మరణము లధికముగాఁ గల యెనిమిది ప్రాంతములలోఁ దెలంగాణముతోఁ గూడిన యాంధ్రప్రదేశ మొకటి. చనిపోయినవారిలో నెక్కువమంది పల్లెటూరివారు. వరిమడిలోఁ గాలుపెట్టినవారు, నేలపైఁ బండుకొన్నవారు. పట్టణమున మేడలో నుండి పామును గాపాడుమనుట సులభము. కాటువలన బిడ్డను గోల్పోయినవానికి నామాట చెప్పుట సులభము గాదు. జనమేజయుని దుఃఖమును గణింపని రక్షణవాదము సగము వాదమే.

భారతకథ ఈ సగమును విడువలేదు. యాగమాఁగిన పిమ్మట సర్పము లాస్తీకునకు వరమిచ్చినవి: అతని కథను స్మరించువారికిఁ దమవలన భయములేదని. రక్షణ మొకవైపుది గాదు. పాములకు రాజువలన నభయము, జనులకుఁ బాములవలన నభయము. ఈ రెండవ యభయము నేఁటి లోకమున మంత్రముచే రాదు. కాలికిఁ జెప్పు, చేత దీపము, పండుకొనుటకు మంచము, దోమతెర, సమీపవైద్యశాలలో విషపు విరుగుడుమందు, ఆ మందు వేళకుఁ జేరుటకు బాట, ఇవియే యా వరము. ఆ విరుగుడుమందును బాముల విషమునుండియే సిద్ధమగుచున్నదనుట మఱువరాదు. పాముకాటును ప్రపంచారోగ్యసంస్థ 2017లో నుపేక్షితరోగముల పట్టికలోఁ జేర్చినది. ఉపేక్షింపఁబడినది వ్యాధి మాత్రమే గాదు, ఆస్తీకుని వరములో రెండవభాగ మనికూడఁ జెప్పవచ్చును.

ఇంతవఱకు నాదిపర్వారంభము. అంతమున ఖాండవదహనము. అగ్నిదేవుని యాఁకలి తీర్చుటకై కృష్ణార్జునులు వనమునకు రెండుప్రక్కల నిలిచి, యొక్క ప్రాణియుఁ దప్పించుకొని పోకుండఁ గాచిరి. ఇంద్రుఁడు కురిపించిన వాన నర్జునుఁడు బాణములచే నడ్డగించెను. బ్రదికినవి లెక్కింపఁదగినన్ని మాత్రమే: తక్షకుని కుమారుఁ డశ్వసేనుఁడు, మయుఁడు, నాలుగు శార్ఙ్గకపక్షులు. తక్షకుని నివాస మీ ఖాండవమే. దానిని గాల్పించినవాఁడు పరీక్షిత్తునకుఁ దాత, జనమేజయునకు ముత్తాత.

రెండు కథలను బ్రక్కప్రక్కనుంచి చదివినచో నొక ముఖ్యభేదము కనఁబడును. సర్పయాగమునఁ బగ యున్నది. ఖాండవమునఁ బగ లేదు. అర్జునునకు లేళ్లపైఁగాని పక్షులపైఁగాని కోపము లేదు. అవి యున్న తావు కావలసివచ్చెను. ఒకని యాఁకలి తీఱవలసివచ్చెను. అందుచే నవి పోయెను. సర్పయాగమున వరమిచ్చుటకు రాజున్నాఁడు, అడుగుట కాస్తీకుఁ డున్నాఁడు. ఖాండవమున నడిగినవాఁడును లేఁడు. జీవజాతుల నాశమునకుఁ గారణమును వెదకువారు సామాన్యముగా సర్పయాగమునే తలఁతురు. వేఁటకానిని, తోళ్లవర్తకుని, క్రూరుని నిందింతురు. అట్టివారును గలరు. పాముతోళ్ల యెగుమతి యీ దేశమున 1976లో నిషేధింపఁబడినది; వన్యప్రాణిసంరక్షణచట్టము 1972లో వచ్చినది. కాని నేఁడు ప్రాణులను దుడిచివేయుచున్నది పెక్కుతావుల పగ గాదు, పని. బంజరు దున్నుట, కాలువ త్రవ్వుట, గని తెఱచుట, బాట వేయుట. ఇది ఖాండవమార్గము.

దీనికిఁ దెలుఁగుదేశమున స్పష్టమైన దృష్టాంతము కలివికోడి. జెర్డన్ అను వైద్యుఁడు 1848 ప్రాంతమున లోకమునకుఁ దెలిపిన యీ చిన్నపక్షి 1900 తరువాత శాస్త్రజ్ఞులకుఁ గనఁబడలేదు. నశించినదని గ్రంథములు వ్రాసికొన్నవి. 1986 జనవరిలో బొంబాయి ప్రకృతిచరిత్రసంఘమునకుఁ జెందిన భరత్ భూషణ్ కడపజిల్లా లంకమలప్రాంతమున స్థానికుల సాయముతో దానిని మరలఁ గనుఁగొనెను. ఎనుబదియాఱేండ్లు శాస్త్రగ్రంథములలోఁ జచ్చియుండిన పక్షి పల్లెవారి నోట కలివికోడి యను పేరుతో బ్రదికియుండెను. సాహిత్యపరిశోధకులకు దీనికంటె హెచ్చరిక యే మున్నది? దాని నిలయము కలివివంటి ముండ్లపొదలు చెదరుమదరుగాఁ గల మెట్టభూమి; చూచువారికిఁ బనికిమాలిన బంజరు. తెలుగుగంగ కాలువ యా భూమిని జీల్చుకొని పోవలసియుండెను. రాయలసీమలో నీటిచుక్క విలువ చెప్పనక్కఱలేదు. కాలువను వలదనుట కెవరికిని నోరాడదు. కాలువ మానఁబడలేదు, దాని త్రోవ మార్పఁబడినది. ఖాండవమున లేని యాస్తీకుఁ డిచట నొక్కపరి కనఁబడెను. పక్షికిఁ జోటు, జనులకు నీరు, రెండభయములును జేరినవి. 2009 తరువాతఁ జిరకాల మెవ్వరికిని జిక్కని యా పక్షి కూఁత 2025 ఆగష్టులో మరల వినఁబడినది.

పగయును స్థలకాంక్షయును గాక, మూఁడవమార్గ మొకటి గలదు. అది భారతమునఁ గానరాదు. పశువుల నొప్పి తగ్గుటకై యిచ్చిన డైక్లోఫెనాక్ అను మందు చచ్చిన పశువుల మాంసములో నుండి, దానిని దిన్న రాబందుల మూత్రపిండములను జెఱిచెను. 1990 తరువాతి కొలఁదియేండ్లలో రాబందులు నూటికిఁ దొంబదికి మించి నశించెను. కారణము 2004లోఁ బ్రకటితమై, పశువైద్యమున నా మందు 2006లో నిషేధింపఁబడెను. ఇచటఁ జంపినవాఁడు గోవునకుఁ జికిత్స చేసినవాఁడు! జటాయువును బూజించుచునే రాబందను మాటను దిట్టుగా వాడుకొను జాతికి ఆ పక్షుల లోటు కళేబరములు కుళ్లి కుక్కలు పెరిగినఁగాని తెలియలేదు.

జాతి నశించినపుడు మాటయు మసకబాఱును. వేఁటకై రాజులు పెంచిన చిఱుత, చీతా యని పిలువఁబడునది, భారతదేశమున నశించినదని 1952లోఁ బ్రకటింపఁబడెను. 2022లో నమీబియానుండి తెచ్చి కూనో వనమున విడిచినవి ఆఫ్రికాకుఁ జెందినవే. నేఁటి తెలుఁగువారిలోఁ బెక్కురకుఁ జిఱుతపులికిని చీతాకును భేదము తెలియదు, రెండును జిఱుతలే. రాజుల వేఁటను వర్ణించిన కావ్యములలోని మృగముల పేళ్లకు టీక వ్రాయువారి కష్ట మిందుచే నధికమగుచున్నది. అడవిలోఁ బ్రాణి పోయిన పిమ్మట నిఘంటువులో దాని పేరు గూడు విడిచిన పక్షివలెఁ దిరుగును.

ఇఁక నన్నింటిని రక్షింపవలయునా యను ప్రశ్న. దీనిపై మూఁడు ప్రధానాక్షేపములు గలవు.

నశించుట ప్రకృతిధర్మమే యని మొదటిది. ఉమ్మడి ఆదిలాబాదుజిల్లా యామనపల్లిప్రాంతమున దొరకిన కోటసారస్ యెముకలు హైదరాబాదు బిర్లా విజ్ఞానకేంద్రమున నిలువఁబెట్టఁబడియున్నవి. ఆ మహాకాయము నశించుటకు మనుష్యుఁడు కారణము గాఁడు; అప్పటికి మనుష్యుఁడు పుట్టనే లేదు. నిజమే. కాని మరణము సహజమైనంతమాత్రమున హత్య సహజము గాదు. మందువలన నొక తరములోఁ బోయిన రాబందును, కోట్లయేండ్లనాఁడు పోయిన కోటసారసును నొకే పద్దున వ్రాయుట లెక్క తెలియనివాని పని.

మనుష్యునకు హానికరములైనవానిని గూడ రక్షింపవలయునా యనునది రెండవది. ఇచట 'అన్నియు' అను మాటను బరీక్షింపక తప్పదు. మశూచి లోకమునఁ దుదముట్టినదని 1980లోఁ బ్రకటింపఁబడినది. నారికురుపు పురుగు భారతదేశమున లేకుండఁబోయినదని 2000లో నిర్ధారితమైనది. వీనికై కన్నీరు పెట్టువాఁ డుండఁడు, పెట్టనక్కఱయు లేదు. మశూచికి నరదేహముతప్ప వేఱు నిలయము లేదు. నారికురుపు మన దేశమున బ్రతికినదియు నరదేహముననే. దానికి విడిచిపెట్టఁదగిన యడవియు నేఱును లేవు. పాముకు పుట్ట యున్నది, మొసలికి మడుగున్నది. హద్దు గీచి వేఱుగా బ్రదుకఁదగినదానికిని, మన బాధతప్ప వేఱు బ్రదుకు లేనిదానికిని భేదము గలదు. ఆస్తీకుని వరము మొదటిదానికిఁ జెల్లును, రెండవదానికిఁ జెల్లదు.

ధనమును, మనుష్యులును జాలరనునది మూఁడవది. ఇదియే గట్టిది. ముందువెనుక లేర్పఱచుకొనుట తప్పదు. కాని యెట్లేర్పఱుతురు? పులికి, యేనుఁగునకుఁ గవులు గలరు, చిత్రకారులు గలరు. కలివికోడికిఁ గవి లేఁడు. అందమును, ప్రసిద్ధిని జూచి వరుస యేర్పఱిచినచో నది కవిసమయమగును గాని ధర్మము గాదు. మఱియొక కొలఁత గలదు: దేనికి వేఱు నిలయము లేదో, ఏది కొలఁది వ్యయముతో, నొక త్రోవ మార్పుతో నిలుచునో, దానికి ముందు చేయూఁత. ఇంకొకటియు మఱువరాదు. రక్షింపలేకపోవుట వేఱు, రక్షింపనక్కఱలేదని తీర్పుచెప్పుట వేఱు. మొదటిది యశక్తి, రెండవది జనమేజయుని సంకల్పమే.

మంజీరయే దీనికి సాక్షి. పాపన్నపేటకు నెగువను సంగారెడ్డిప్రాంతమున, ఆనకట్టచే నిలిచిన నీటిలో మొసళ్లకై 1978లో వన్యప్రాణిరక్షణస్థల మేర్పడినది. హైదరాబాదునకుఁ ద్రాగునీ రిచ్చుటకుఁ గట్టిన జలాశయమే మొసలికిని, వలసపక్షులకును నివాసమైనది. మనుష్యుని పనియెల్ల ఖాండవాగ్ని గాదనుటకు నిది చాలును. కాని మొసలియున్న మడుగున దిగు జాలరికిఁ, బశువులకాపరికిఁ గలుగు భయమును దీర్చినఁగాని యా రక్షణ పూర్ణము గాదు.

ఆదిపర్వమును సర్పయాగమువఱకే చదివి ఫలితార్థము చెప్పువారు పగ మానుఁడని చెప్పి యూరకుందురు. అంతమువఱకుఁ జదువువారికి, పగ లేనిచోటను నగ్ని రగులుచుండునని తెలియును. పగవానిని వరమడుగుట కొక్క యాస్తీకుఁడు చాలును. కాలువకుఁ గొలత వేయువాఁడు, మందు వ్రాయువాఁడు, బంజరు పంచువాఁడు, వీరిలో నెవ్వఁడును దాను యజమానుఁడ ననుకొనఁడు. యాగము మాత్రము సాగుచునే యుండును. వీరియొద్ద వరమడుగవలసిన యాస్తీకులును బెక్కురు గావలయును. ఏడుపాయల జాతరకుఁ బోవువారు సర్పయాగము జరిగిన తావిదియని బిడ్డలకుఁ జూపుదురు. యాగ మాఁగిన తావును నదియే యని వెంటనే చెప్పుట స్థలపురాణమునకు న్యాయము చేయుట యగును.